ఎదిగే పిల్ల కొలతలు

సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఉండే పేట. మూడో అంతస్తులో కుట్టుమిషను ఉన్న ఒంటిగది, మధ్యాహ్నం. దర్జీ ఆవిడ, కొలతలకు వచ్చిన ఒక పిల్ల, ఆ పిల్ల తల్లి.

"ఊపిరి బిగబట్టకమ్మా. నేనేం సూది గుచ్చడం లేదు, టేపు చుడుతున్నాను, అంతే. చేతులెత్తు. ఇంకాస్త."

"చక్కిలిగింతలు పుడుతున్నాయి పెద్దమ్మా."

"పుట్టవూ మరి! ఒక్క ఎముక మీదైనా కండ ఉంటేగా. ఏమమ్మా, నీ కూతురికి అన్నం పెడుతున్నావా, చూపించి దాచేస్తున్నావా?"

"తింటుందక్కా. ఒంటికి పట్టదు. అక్కా, లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదలండి."

"ఎంత?"

"నాలుగు వేళ్లు."

"నాలుగు వేళ్లా! రెండు వదిలితే ఏడాది గడిచిపోతుంది. నాలుగు మడిచి కుట్టానంటే చంకల కింద దిండ్లు పెట్టుకున్నట్టుంటుంది పిల్లకి."

"పర్లేదక్కా, ఎదిగే పిల్ల. మళ్లీ మళ్లీ ఎక్కడ కుట్టిస్తాం? కుట్టు విప్పుకుంటూ పోతే సరిపోతుంది."

"సరే, నీ ఇష్టం. బడిలో ఏమైనా ఉందా? ఆటా, పాటా?"

"ఆఁ... అలాంటిదే."

"అమ్మా, నేను బడి మానేశాను కదా?"

"నువ్వు నోర్మూసుకుని తిన్నగా నిలబడు."

"మానేసిందా? ఎందుకు?"

"దారి బాగోదక్కా. మీరు కొలతలు కానివ్వండి."

"కొలతలైపోయాయి. బట్ట తియ్యి చూద్దాం... ఇదేంటి, ఎర్రపట్టు! ఇంత మెరుపు లేసు! ఈ పల్చటి ముక్కేంటి, ముసుగుకా? కాళ్లదాకా గౌను, పైన ముసుగు. ఏమమ్మా, ఇది బడికేసుకునే బట్టేనా?"

"అదీ... ఊరికే..."

"నీళ్లు నమలకు. అడిగినదానికి చెప్పు."

"పెద్దమ్మా, ఆ చక్రం దేనికి?"

"ఏ చక్రం? అదా? మిషను లోపల పెట్టే చిన్న కండె ఉంటుంది, దానికి దారం చుట్టేది. తిప్పుతావా?"

"తిప్పనిస్తారా?"

"తిప్పు. అదిగో, అది పట్టుకుని బాల్కనీలో కూర్చో. తలుపు దగ్గరికి లాక్కో, దుమ్మొస్తోంది. అన్ని రంగులూ చుట్టు. తొందరేం లేదు."

"దారం తెగిపోతే?"

"తెగితే ముడెయ్యి. కొంపలేం మునిగిపోవు. వెళ్లు, వెళ్లు."

"మీరు దాన్ని ముద్దు చెయ్యకండి అక్కా, నెత్తికెక్కుతుంది."

"అది వెళ్లింది. ఇప్పుడు చెప్పు. ఎదిగే పిల్లంటావు, పెళ్లిబట్ట తెస్తావు. ఆ మాటా ఈ బట్టా ఒకే చేతిసంచిలో ఎలా పట్టాయి నీకు?"

"నేను పెళ్లిబట్ట అన్నానా? ఆ మాట మీరంటున్నారు."

"అబ్బో! ఎంత తెలివో. ఎన్నేళ్లు దానికి?"

"పదిహేను... వస్తాయి."

"వస్తాయంటే రాలేదన్నమాట."

"పద్నాలుగు నిండుతున్నాయి."

"నిండుతున్నాయి, అంటే నిండలేదు! ఛీ, నీ మాటలకి కూడా లోపల గుడ్డ వదులుతున్నావే, విప్పుకుంటూ పోవచ్చని."

"అరవకండి అక్కా. వింటుంది."

"దానికి తెలీదా?"

"చెప్తాను. మెల్లిగా చెప్తాను."

"ఎప్పుడు, ముసుగేశాకా? ఈ దేశంలో పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్లి చేస్తే జైల్లో వేస్తారు, తెలుసా నీకు?"

"ఇక్కడి చట్టం ఇక్కడివాళ్లకక్కా. మనకి మన పెద్దల గది ఉంది. ఇద్దరు సాక్షులు, పెద్దాయన నోటిమాట, అయిపోతుంది. ప్రభుత్వాఫీసు మెట్లెక్కితేనే కదా వాళ్లకి తెలిసేది? వయసొచ్చాక వెళ్లి రాయించుకోవచ్చన్నారు."

"ఎవరన్నారు?"

"పెద్దాయనే."

"నాకూ ఈ ముక్కే చెప్పాడు. అదే గది, అదే చాప. 'ఇప్పటికి మాట కానియ్యి, కాగితం తర్వాత చూద్దాం.' ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నా మొగుడు బట్టలు సర్దుకుని వెళ్లిపోయిన రోజు మాత్రం ఆ కాగితంతో అవసరం వచ్చింది. వెళ్లి పెద్దల గదిలో పడ్డాను. ఏమన్నారో తెలుసా?"

"నాకెందుకక్కా అవన్నీ..."

"విను! 'నువ్వతని భార్యవే, ఇంకో మనువు మాటెత్తకు' అన్నారు. భార్యనైతే నా బాగోగులు చూడమనండి అన్నాను. 'అది అతని మనసు' అన్నారు. సరేలే అని ప్రభుత్వ కోర్టుకి వెళ్లాను. అక్కడి ఆవిడ ఎంత మర్యాదో! కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. ఇచ్చి, 'అమ్మా, మీకసలు పెళ్లే కాలేదు, లేని పెళ్లికి భర్తని నేనెక్కణ్ణుంచి తేను' అంది. పెద్దల గదిలో పెళ్లాన్ని, కోర్టు గదిలో ఎవరినీ కాను. రెండిటికీ మధ్య రోడ్డు మీద నిలబడి ఏడ్చాను, జనం చూస్తుండగా."

"మీకలా రాసిపెట్టి ఉంది. అందరికీ అలాగే అవుతుందా?"

"అందరికీ అలాగే అయ్యేట్టు కట్టారు తల్లీ ఆ రెండు గదులూ. రేపు దీనికో బిడ్డ పుడితే ఆసుపత్రిలో తండ్రి పేరడుగుతారు. చెబితే వాడు జైలుకి, చెప్పకపోతే బిడ్డ ఊరూ పేరూ లేనిదవుతుంది. ఏం చెప్పమంటావు దాన్ని?"

"అప్పటి సంగతి అప్పుడు."

"అప్పుడు నువ్వుండవు, పెద్దాయనుండడు. అదొక్కత్తే ఉంటుంది. నాకు చివరికి ఆ గదిలో దక్కిందేంటో తెలుసా? ఒక్క ముక్క విదిలించారు, 'నీ మాట లేకుండా వాడికి ఇంకో పెళ్లి చెయ్యంలే' అని. అదే నా ఆస్తి."

"ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నారా అక్కా వాళ్లు?"

"ఏం, నీకెందుకు?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేదానివిలా లేవు. వాడెవడు? పెళ్లికొడుకు?"

"మంచి మనిషి."

"మంచా చెడా అని అడగలేదు. ఎవడు?"

"మనవాళ్లే. పనుంది. తాగడు, చెయ్యి చేసుకోడు."

"వయసు?"

"మరీ పెద్దేం కాదు."

"నీకంటే పెద్దా, చిన్నా?"

"...ఇంచుమించు."

"ఇంచుమించు నీ ఈడు! థూ! నీకు అన్నో తమ్ముడో కావాల్సినవాణ్ణి నోరారా 'అల్లుడుగారూ' అని పిలుస్తావా? సిగ్గుగా లేదూ?"

"తిట్టండి అక్కా, ఎంతైనా తిట్టండి. మీకు గదుంది కాబట్టి తిడుతున్నారు."

"గదికీ దీనికీ ఏంటి సంబంధం?"

"మేమెక్కడ పడుకుంటామో తెలుసా మీకు? పాత గోడౌనులో. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య దుప్పటి. గోడ కాదక్కా, దుప్పటి! పొద్దున లేచి చూస్తే ఒక్కోసారి దుప్పటి కింద నుంచి ఎవడిదో చెయ్యి మా వైపుంటుంది. నిద్రలో జరిగిందంటాడు. దీని నాన్న పోయినప్పట్నుంచీ దాని జడ నా చేతికి చుట్టుకుని పడుకుంటున్నాను, ఎవరైనా లాగితే మెలకువ వస్తుందని. స్నానాల గదికి తలుపుంది, గడియ లేదు. నేను బయట కాపలా ఉండాలి. నేను పనికెళ్తే ఎవరుంటారు? బడి దారిలో ఎవరుంటారు? అతనికి గదుంది. తలుపుంది. తలుపుకి లోపల గడియుంది. ఇనపది. వెళ్లి కళ్లారా చూసొచ్చాను."

"పెళ్లికొడుకుని చూడ్డానికెళ్లి గడియ చూసొచ్చావా?"

"ఆఁ, గడియే చూశాను. ఏం?"

"పిచ్చిదానా! గడియ వేసుకున్నాక వాడెక్కడుంటాడు? బయటా, లోపలా?"

"అదేం మాటక్కా..."

"దాటెయ్యకు. బయటా, లోపలా?"

"మొగుడన్నాక లోపలే ఉంటాడు."

"మరి గడియ ఎవడి కోసం?"

"ఒక్కడేగా అక్కా! లోపలుండేది ఒక్కడే. అక్కడ గోడౌనులో ఎంతమందో!"

"ఛీ... ఛీ. ఏం మాటన్నావే. కన్నతల్లివి కదే నువ్వు."

"కన్నాను కాబట్టే అన్నాను. ఏం చెయ్యమంటారు? ఆ కోర్టావిడ నాకో గడియ ఇస్తుందా?"

"...ఇవ్వదు. వరుసలో నిలబడమంటుంది."

"మరి!"

"మరీ లేదు గిరీ లేదు. ఇదిగో, నీ బట్ట మడిచేశాను. తీసుకెళ్లు. పేటలో ఇంకా దర్జీలున్నారు, వాళ్ల గుండెలు నాకంటే గట్టివేమో. నేను మాత్రం కుట్టను."

"కుదరదక్కా. మీరే కుట్టాలి."

"ఏం, నా చేతులకేమైనా బంగారు పూత పూశారా?"

"పెద్దాయన గట్టిగా చెప్పాడు. 'ఆమె చేతే కుట్టించు, ఇంకెవరి దగ్గరికీ పోకు' అని. పెళ్లికొడుకు చొక్కా కూడా మీరే కుట్టాలట. కొలతకి ఆదిగా పాత చొక్కా ఇచ్చి పంపారు. ఇదిగో."

"పెద్దాయనకి నా కుట్టు మీద ఇంత మోజు ఎప్పుడు పుట్టుకొచ్చిందో! ఏదీ, ఇటియ్యి... ఇదీ..."

"ఏమైందక్కా?"

"ఉండు. మాట్లాడకు."

"ఆ ఎడమ చెయ్యి సంగతా? అవును, ఒక వేలంత పొట్టిగా ఉంది. కుట్టినవాళ్లెవరో చూసుకోలేదు. కొత్తదాన్లో సరిచెయ్యమని చెబుదామనుకున్నా."

"కుట్టినవాళ్లు బాగానే చూసుకున్నారు. మనిషికే ఎడమ చెయ్యి పొట్టి. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. అందరి చొక్కాలూ వాడికి వేళ్ల మీదికి జారి, చీటికీమాటికీ విసుక్కునేవాడు. ఆ చెయ్యి నేను తగ్గించాను. కాలరు చిరిగితే తిరగేసి నేను కుట్టాను. ఈ మూడో గుండీ రంగు వేరుగా ఉంది, చూశావా? నా గౌనుది తెంపి పెట్టాను. అంత ప్రేమ మరి నాకు, గాడిదని!"

"అక్కా..."

"నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. అవునా?"

"...అవును."

"మొదటి పెళ్లాం సంగతి ఏం చెప్పారు నీకు?"

"కోపం తెచ్చుకోనంటే చెప్తాను."

"నాకిప్పుడు కోపం కూడా లేదు. చెప్పు."

"ఆవిడ మాట కావాలన్నారు. అడిగితే ఎలాగూ ఇవ్వదు, కాబట్టి అడగొద్దన్నారు. పెళ్లికూతురి బట్ట ఆవిడే కుట్టి ఇస్తే, 'చేతులారా కుట్టిచ్చింది, ఇంతకంటే ఏం మాట కావాలి' అని పెద్దాయన సర్దేస్తానన్నాడు. మీరు ఆ గదికి రానక్కర్లేదు కూడా."

"అంటే నేనెవరో నీకు తెలుసు. మెట్లెక్కేటప్పుడే తెలుసు."

"తెలుసు."

"తెలిసి కూడా 'అక్కా, అక్కా' అంటూ నా మొగుడి కోసం నీ కూతురి కొలతలు నా చేత తీయించావు! ఈ టేపుతో! ఈ చేతుల్తో! కడుక్కుంటే పోతుందా ఇది?"

"మీ మొగుడెలా అవుతాడక్కా? పెళ్లే కాలేదని కోర్టులో అన్నారని ఇప్పుడేగా చెప్పారు."

"ఆహా, ఎంత తొందరగా నేర్చేసుకున్నావు! పిల్ల పెళ్లికేమో ఆ గది, నా నోరు మూయించడానికేమో కోర్టు గది. నువ్వు బాగుపడతావులే."

"మీరిలా అరుస్తారని అతను ముందే చెప్పాడు. అరిచాక కుడతారని కూడా చెప్పాడు."

"ఎందుకు కుడతానట?"

"ఈ గది అతని పేరు మీద ఉందట కదా. ప్రభుత్వంవాళ్లు మగవాళ్ల పేరు మీదే ఇచ్చారట. మీరు కుడితే మీ పేరుకి మార్పిస్తానన్నాడు. మళ్లీ ఈ గుమ్మం తొక్కనన్నాడు. కుట్టకపోతే..."

"ఆఁ, కుట్టకపోతే?"

"సాయంత్రమే తాళం మారుస్తాడట."

"...నా పేరుకా?"

"మీ పేరుకే. పెద్దాయన ముందు అన్నాడు."

"నిజంగా అన్నాడా?"

"నా బిడ్డ మీద ఒట్టక్కా."

"ఆ బిడ్డ మీద ఒట్టు పెట్టకు! ఇంకెన్ని పెడతావు దాని మీద? ...ఈ గోడలకి సున్నం నేనే వేసుకున్నాను, తెలుసా? ఆ కిటికీకి అద్దం నేనే పెట్టించుకున్నాను. మెట్ల మీద ఎవరు నడిచినా వాడేనేమో, ఖాళీ చెయ్యమంటాడేమోనని మిషను ఆపి వింటాను."

"ఇంక వినక్కర్లేదక్కా. మీకో గది దక్కుతుంది, దానికో గది దక్కుతుంది. మనం కాదంటే అతనేమైనా ఆగుతాడా? గోడౌను నిండా ఆడపిల్లలే. ఇంకొకత్తిని చూసుకుంటాడు."

"కత్తెర ఇటియ్యి."

"అక్కా?"

"ఇటియ్యి అంటున్నానా! బట్ట ఇలా పరుచు. నాలుగు వేళ్లేం చాలుతాయి? కాన్పులయ్యాక మళ్లీ విప్పాలి కదా. ఆరు వదులుతాను... ఛీ! నా నోరే అందా ఆ మాట? నా నోరే!"

"పెద్దమ్మా! అన్నీ చుట్టేశాను. తెల్లది ఒక్కసారి తెగింది, ముడేసేశాను. సమంగా వచ్చిందా?"

"...వచ్చింది. బాగా బిగించావు. ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఎక్కడా లేదు. మీరే కదా నేర్పేది?"

"నేనా?"

"నువ్వు పద, కిందికి పద ముందు."

"ఆగవమ్మా, దాన్ని చెప్పనీ. నేను నేర్పుతానని ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మే. కొత్త బట్ట వేసుకుని, పెద్దాయనకి దణ్ణం పెట్టేసి, ట్యాంకరు మావయ్య వాళ్లింటికి వెళ్లిపోవాలట. వాళ్లావిడకి కుట్టుమిషను ఉందట, నాకు నేర్పుతుందట. మెట్ల మీద అడిగితే ఆవిడ మీరేనంది. పెద్దమ్మా, నేను మీ పక్కనే పడుకోవచ్చా? నాకు చీకటంటే భయం. నా జడ మీ చేతికి చుట్టుకోండి, అమ్మ అలాగే చేస్తుంది. అయ్యో, పెద్దమ్మా, కత్తెర పడిపోయింది."

"పడనీ."

"మీరెందుకు ఏడుస్తున్నారు? అమ్మా, నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

"మీ అమ్మకి ఏడవడం తప్ప ఏం తెలుసు! నువ్వా మిషను దగ్గర కూర్చో. చక్రం మీద చెయ్యి పెట్టి చూడు. తిప్పకు, చెయ్యి పెట్టి చూడు, అంతే. ...ఏమే, ఇంత నున్నటి అబద్ధం ఎలా అల్లావు?"

"మొత్తం అబద్ధం కాదక్కా. మీరు మంచివాళ్లని అందరూ చెప్పారు. పగలు మీ దగ్గరికి పంపించమని అతన్ని బతిమాలదామనుకున్నాను. మీరు నేర్పుతారులే అనుకున్నాను."

"పగలు నా దగ్గరికి. నువ్వు మనిషివేనా? నేను మనిషినేనా? ఆరు వేళ్లు వదులుతానన్నాను నేను! కళ్లు తుడుచుకుని విను. పెద్దల గదికి నేనే వెళ్తాను. మొదటి పెళ్లాన్ని నేను, నా మాట లేదు, ఇవ్వను అంటాను, వీధంతా వినపడేలా. అక్కణ్ణుంచి కోర్టుకి పోతాను. అక్కడ నేనెవడి పెళ్లాన్నీ కాను కదా, ఎవడి గుట్టూ కడుపులో దాచుకోవాల్సిన పని లేదు. పిల్ల వయసు చెప్తాను, వాడి పేరు చెప్తాను, పెద్దాయన పేరు కూడా చెప్తాను. ఇన్నాళ్లూ నన్ను బంతిలా తన్నుకున్నాయి ఆ రెండు గదులూ. ఇవాళ వాటి చేతే పని చేయిస్తాను."

"మీ గది పోతుందక్కా."

"పోతుంది."

"మమ్మల్ని గోడౌను నుంచి గెంటేస్తారు. అక్కడ పెద్దాయన మాటే చెల్లుతుంది."

"గెంటేస్తారు. తెలుసు. ముగ్గురం కలిసి ఆ కోర్టావిడ ముందు కూర్చుందాం. కుర్చీలు వేస్తుందిగా, వెయ్యనీ. సాయంత్రం దాకా ఇది నా గదే, అప్పటిదాకా ఇక్కడే ఉండండి."

"అక్కా... ఇంకో మాట. అతను కిందే ఉన్నాడు."

"ఏంటీ?"

"ట్యాంకరులో కూర్చున్నాడు. మీరు బట్ట కత్తిరించాక కేకెయ్యమన్నాడు. ఆలస్యమైతే తనే పైకొస్తానన్నాడు."

"ఇప్పుడా చెప్పేది! ఎంత పాపిష్టిదానివే!"

"పెద్దమ్మా, మెట్ల మీద ఎవరో వస్తున్నారు. ట్యాంకరు మావయ్యే. దగ్గు ఆయనదే."

"నువ్విలా రా. నా వెనక్కి రా. చెయ్యి పట్టుకో, వదలకు. ...ఏమమ్మా, గుమ్మంలో బొమ్మలా నిలబడ్డావేం? వెళ్లేదానివైతే వెళ్లు, వెళ్లి వాడికి చెప్పుకో. ఉండేదానివైతే తలుపెయ్యి."

"అక్కా, నేనూ..."

"తేల్చుకో! వచ్చేస్తున్నాడు!"

"వేశానక్కా, తలుపేశాను... ఈ గడియ ఎటు తొయ్యాలక్కా? నాకు అలవాటు తప్పిపోయింది."